లేని ఊళ్లకూ పటాలు కావాలి!
నవలల కోసం ఊహాలోకాలను కొలిచి గీసే పనికి మన పల్లె తెలివి పనికొస్తుంది

(మా గ్రామీణ విలేఖరి)

నంద్యాల, ఆళ్లగడ్డ: ఊరికి గ్రామపటం ఉంటుంది. చేనికి సర్వే నెంబరు, దాని కొలతలకు ఎఫ్.ఎం.బి. స్కెచ్ ఉంటాయి. ఇవన్నీ ఉన్న నేలకు గీసినవి. అయితే భూమ్మీద ఎక్కడా లేని రాజ్యానికి, కథలో తప్ప నీళ్లు పారని ఏటికి, రచయిత ఊహలో మాత్రమే నిలబడిన కోటకు కూడా లెక్క చూసి పటం గీసేవారున్నారు. నవల రాసినవారు అడుగుతారు. చిత్రకారుడు సొమ్ము పుచ్చుకొని గీసి ఇస్తాడు. పుస్తకం తెరవగానే ఆ పటం కనిపిస్తుంది. కథలో వీరుడు ఏ దారిన పోయాడో, ఏ కనుమ దాటాడో పాఠకుడు వేలు పెట్టి చూసుకుంటాడు.

ఇంగ్లీషు పుస్తకాల లోకంలో ఇది ఏళ్ల తరబడి సాగుతున్న వృత్తి. ఇప్పుడు నవలలకే కాక కంప్యూటరు ఆటలకూ ఇలాంటి పటాలు గీయిస్తున్నారు. సిరా, కలం పట్టి కాగితం మీద గీసేవారున్నారు. ఇంకార్నేట్, వండర్‌డ్రాఫ్ట్ వంటి సాఫ్ట్‌వేర్లతో కంప్యూటరు మీదే గీసేవారూ ఉన్నారు.

ఇది దూరదేశపు ముచ్చట, మనకేమి సంబంధం అని కొట్టివేయనక్కరలేదు. ఉన్న నేల తెలిసినవాడే లేని నేలను నమ్మేటట్టు గీయగలడు. ఆ నేల తెలివి మన పల్లెల్లో ఉంది. గీత తెలిసిన చేతులూ ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి నాలుగు రాళ్లు సంపాదించుకునే మార్గం గురించే ఈ కథనం.

నంద్యాల ఏలికకు అంకితమైన కల్పిత కథ

కల్పిత లోకాల మాట వస్తే ముందుగా చెప్పుకోవలసింది నంద్యాలనే. 16వ శతాబ్దిలో పింగళి సూరన రాసిన 'కళాపూర్ణోదయం' నంద్యాలను ఏలిన కృష్ణమరాజుకు అంకితమైంది. ఆనాటి కవులు ఎక్కువగా పురాణాల నుంచి కథ తీసుకొని కావ్యం అల్లేవారు. సూరన మాత్రం కథను తానే కల్పించాడు. అందుకే దీన్ని పద్యాల్లో వచ్చిన నవల అని మెచ్చుకున్న విమర్శకులున్నారు. కట్టమంచి రామలింగారెడ్డి తమ 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని విపులంగా చర్చించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ 2002లో వెలువరించింది.

ఈ కథకు ఎవరైనా పటం గీయమన్నారనుకుందాం. కథ ద్వారకలో మొదలవుతుంది. మణికంధరుడనే గంధర్వుడు తీర్థయాత్ర చేస్తూ దక్షిణాదికి వస్తాడు. మణిస్తంభుడనే సిద్ధుడు ఆకాశమార్గాన తిరుగుతాడు. కాసారపురం అనే నగరమూ కథలో ఉంది. ద్వారకను గుజరాతు సముద్రతీరాన పెట్టవచ్చు, పేచీ లేదు. మరి కాసారపురాన్ని ఎక్కడ పెట్టాలి?

ఇక్కడే పటం గీసేవాడి తెలివి బయటపడుతుంది. కాసారం అంటే చెరువు. ఊరి పేరులోనే చెరువు ఉంది గనుక ఊరి పక్కన చెరువు గీయాలి. చెరువు గీస్తే దానికి నీరు తెచ్చే వంక కావాలి. వంక పుట్టడానికి ఎగువన మిట్ట కావాలి. చెరువుకు కట్ట, తూము, నిండితే పొర్లిపోయే అలుగు కావాలి. తూము కింద వరిమళ్లు ఉంటాయి. రాజధాని అంటే సైన్యం ఉంటుంది, సైన్యానికి గింజలు కావాలి గనుక ఆ మళ్లు కొద్దిపాటివి కావు. ఇలా ఒక్క ఊరి పేరు నుంచి సగం పటం పుట్టుకొస్తుంది. ఈ లెక్క చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. చెరువు కింద సేద్యం చేసిన ఏ రైతయినా చెబుతాడు.

పోయిన పటాన్ని తిరిగి గీసిన వైనం

కథకు, పటానికి ఉన్న సంబంధం ఎంత గట్టిదో తెలిపే ఉదంతం ఒకటి ఉంది. స్కాట్లండుకు చెందిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1881లో కుటుంబంతో బ్రేమార్ అనే కొండ ఊరిలో ఉన్నాడు. వానలు పట్టుకోవడంతో బయటికి పోయే వీలు లేకపోయింది. సవతి కొడుకుతో కలిసి కాలక్షేపానికి రంగులు వేస్తూ ఒక దీవి పటం గీశాడు. ఆ పటాన్ని చూస్తూ ఉంటే అందులో నుంచి మనుషులు, ఓడలు, దాచిన నిధి పుట్టుకొచ్చాయి. అదే 'ట్రెజర్ ఐలాండ్' నవల. పుస్తకంగా 1883లో అచ్చయింది. అంటే ఇక్కడ పటం ముందు, కథ తర్వాత.

పుస్తకం అచ్చుకు పోయేటప్పుడు ఆ పటం ప్రచురణకర్తలకు చేరకుండా దారిలోనే పోయింది. ఇక చేసేదేమీ లేక స్టీవెన్సన్ తన పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, ఎక్కడెక్కడ ఏ కొండ, ఏ దూరం, ఏ దిక్కు రాశాడో అన్నీ ఏరి రాసుకొని, వృత్తలేఖిని పట్టుకొని కొత్త పటం తయారు చేయాల్సి వచ్చింది. ఆయన తండ్రి దీపస్తంభాలు కట్టే ఇంజనీరు. తిరిగి గీసే పని తండ్రి కార్యాలయంలోనే జరిగింది. కథలోని ఓడదొంగ సంతకాన్ని ఆ తండ్రే పటం మీద పెట్టాడు. అయినా అది తన మొదటి పటంతో సమానం కాలేదని స్టీవెన్సన్ తర్వాత రాసుకున్నాడు.

ఈ పనికి దిగేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. మొదటి పటం ఆటగా గీసినది. రెండవది పుస్తకానికి లోబడి గీసినది. ఇతరుల నవలకు సొమ్ము తీసుకొని గీసే పటం ఎప్పుడూ ఈ రెండవ రకానిదే. పుస్తకమంతా చదవకుండా, దూరాలు, దిక్కులు వరుసగా రాసుకోకుండా కలం పట్టకూడదు.

ఓడల పటాలు గీసిన చేయి

ఈ వృత్తిలో పేరు చెప్పుకోదగ్గ మనిషి ఇంగ్లండుకు చెందిన పాలీన్ బేన్స్. 1922లో పుట్టి 2008లో కన్నుమూసిన ఈమె రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు నౌకాదళపు శాఖలో సముద్ర పటాలు గీసే పని చేశారు. ఓడ నడిపేవారి ప్రాణాలు ఆ గీతల మీదే ఆధారపడతాయి. అక్కడ అలవడిన నిక్కచ్చితనం తర్వాత కథల పటాలకు ఉపయోగపడింది. సి.ఎస్. లూయిస్ 1950 నుంచి వరుసగా రాసిన నార్నియా నవలలకు బొమ్మలు, పటాలు ఆమెవే.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 1955 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వెలువడింది. దానికి పటాలు గీసింది రచయిత కుమారుడు క్రిస్టఫర్. తర్వాత ప్రచురణకర్తలు గోడకు తగిలించుకునే పెద్ద పటం కావాలనుకొని ఆ పని బేన్స్‌కు అప్పగించారు. 1970లో అది వెలువడింది. ఆ పని కోసం టోల్కీన్ పాత పటం మీద స్వయంగా గుర్తులు రాసి ఇచ్చారు. ఆ కాగితం బేన్స్ దగ్గరి పుస్తకంలో ఉండిపోయి 2015లో బయటపడింది. మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం దాన్ని సేకరించింది.

కథలోని హాబిట్టన్ అనే ఊరు ఆక్స్‌ఫర్డ్ నగరం ఉన్న అక్షాంశం మీదే ఉంటుందని టోల్కీన్ అందులో రాశారు. లేని ఊరికి అక్షాంశం ఎందుకని నవ్వుకోవచ్చు. అక్షాంశం తెలిస్తే ఎండ ఎంత, చలి ఎంత, ఏ చెట్టు మొలుస్తుంది అన్నవి తెలుస్తాయి. అవి తెలియనిదే చిత్రకారుడు ఆ పటం మీద చెట్టు బొమ్మ వేయలేడు.

నీరు పల్లమెరుగు

ఊహాలోకం గనుక ఏది పడితే అది గీయవచ్చు అనుకుంటే పొరపాటు. రాక్షసుడు ఎగిరితే పాఠకుడు నమ్ముతాడు. ఏరు మిట్టకు ఎక్కితే నమ్మడు. అందుకని పటం గీసేవాడు రచయితను కొన్ని ప్రశ్నలు అడగాలి. ఏరు ఎక్కడ పుట్టింది, ఎక్కడ కలిసింది? వాన ఏ దిక్కు నుంచి వస్తుంది? కోటలోని వారు ఏ నీళ్లు తాగుతారు? ఉప్పు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? కాలినడకన ఒక పగటిలో ఎంత దూరం పోతారు?

ఈ ప్రశ్నలకు మన ప్రాంతమే మంచి బడి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ. కొండల నుంచి దిగిన వంకలు కుందూలో పడతాయి. కుందూ దక్షిణానికి సాగి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. చిన్న నీరు పెద్ద నీటిలో కలవడమే తప్ప, పెద్ద ఏరు దారి మధ్యలో రెండుగా చీలి రెండు సముద్రాలకు పోవడం సాధారణంగా ఉండదు. సముద్రం దగ్గర పడ్డాకనే పాయలుగా విడిపోతుంది. కొత్తగా పటాలు గీసేవారు తరచు తప్పు చేసేది ఇక్కడే.

మనిషి పూనుకుంటే మాత్రం నీటి దారి మారుతుంది. తుంగభద్ర నీరు కృష్ణలోకి పోవలసినది. సుంకేసుల దగ్గర కట్ట వేసి, కాలువ తవ్వి, ఆ నీటిని కుందూ, పెన్న పరీవాహకానికి తెచ్చారు. అదే మన కె.సి. కాలువ. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఈ పనికి పూనుకుంది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. కథలోని రాజు కూడా ఒక ఏటి నీటిని పక్క లోయకు తీసుకుపోవాలంటే ముందు కాలువ తవ్వించాలి. దానికి ఎందరు కూలీలు, ఎన్నేళ్లు, ఎంత ధనం అని చిత్రకారుడు అడిగితే రచయితకు కొత్త అధ్యాయమే దొరకవచ్చు.

దూరాల సంగతీ అంతే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. బస్సులో గంట ప్రయాణం. బరువు వేసుకున్న ఎద్దుల బండి గంటకు రెండు మైళ్లు నడుస్తుందనుకుంటే పన్నెండు గంటలకు పైగా పడుతుంది. ఎద్దులకు మేత, నీళ్లు చూసుకుంటే శిరివెళ్లలో ఆగి తెల్లవారి పోవడమే మేలు. బండ్లు ఆగే చోట బావి, చెట్టు, అంగడి పుట్టుకొస్తాయి. పటంలో ఊళ్ల మధ్య ఎడం ఎంత ఉండాలో ఎద్దులే చెబుతాయన్నమాట.

కొండదారికి ఈ లెక్క కూడా చాలదు. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి పోయి, అక్కడి నుంచి భవనాశి వెంట జ్వాలా నరసింహస్వామి సన్నిధికి, ఉగ్రస్తంభానికి ఎక్కినవారికి ఈ సంగతి తెలుసు. పటం మీద అంగుళం కూడా లేని దూరానికి పూట గడిచిపోతుంది. నల్లమలను ఎక్కడ పడితే అక్కడ దాటలేము. గిద్దలూరు పోవాలంటే నంది కనుమ పట్టాల్సిందే. కథలో కొండల వరుస గీస్తే కనుమ ఎక్కడో ముందు చూపాలి. కాపలా పెట్టాలన్నా, యుద్ధం జరపాలన్నా, సుంకం వసూలు చేయాలన్నా అక్కడే.

చందమామ చూపిన లోకాలు

తెలుగు పాఠకులకు ఊహాలోకాలు కొత్త కావు. పక్కనున్న కడప జిల్లాకు చెందిన శ్రీ బి. నాగిరెడ్డి, శ్రీ చక్రపాణి కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి ప్రారంభించిన 'చందమామ' పల్లెపల్లెకూ చేరింది. ఇప్పుడు ఆ పత్రిక వెలువడటం లేదు గాని, అందులో శ్రీ దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లను తలచుకునేవారు ఇంకా ఉన్నారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఆయన ఇలాంటి సీరియళ్లు పన్నెండు రాశారు. కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసి లోయ, పాతాళ దుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం వాటిలో కొన్ని. పేర్లు చూడండి. కోట, ద్వీపం, లోయ, దుర్గం, పర్వతం, సరోవరం! సగానికి పైగా చోట్ల పేర్లే. వాటికి 'చిత్రా' వేసిన బొమ్మల్లో ఆ కొండ కొమ్ములు, అడవులు, ద్వారాలు చూసి పిల్లలు తమ మనసులోనే పటం గీసుకున్నారు.

పాఠకుడే పటం గీసిన సందర్భమూ ఉంది. ఆర్.కె. నారాయణ్ కథల్లోని మాల్గుడి ఎక్కడా లేని ఊరు. సరయూ నది, మెంపి కొండలు, మార్కెట్ రోడ్డు ఆ ఊరివి. 1935లో వచ్చిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్'తో మొదలైన ఆ ఊరిని, వేర్వేరు పుస్తకాల్లోని వివరాలు కూర్చి జేమ్స్ ఫెన్నెల్లీ అనే అమెరికా ఆచార్యుడు పటంగా గీశారు. రచయిత విడివిడిగా చెప్పిన సందులన్నీ ఒక కాగితం మీద కలిసేసరికి అది నిజంగా ఉన్న ఊరే అనిపిస్తుంది.

పనికి ముందు కాగితం

ఇక రాబడి సంగతి. పేరున్న బేన్స్ కూడా నార్నియా బొమ్మలకు ఏకమొత్తంగా సొమ్ము పుచ్చుకున్నారే గాని, ఆ పుస్తకాలు తర్వాత లక్షల్లో అమ్ముడైనా వాటాకు నోచుకోలేదు. మన చిత్రకారులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పటం కూడా కళాకృతుల కిందికే వస్తుంది. మామూలుగా గీసినవారే తొలి హక్కుదారు. అయితే ఉద్యోగంలో భాగంగా గీసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిది. సొమ్మిచ్చి వేయించుకున్న వర్ణచిత్రం విషయంలోనూ, వేరే ఒప్పందం లేకుంటే, వేయించుకున్నవారే హక్కుదారు. రంగులు వేసిన పటం దేనికిందికి వస్తుందన్న తగవు రాకుండా ముందే కాగితం రాసుకోవడం మంచిది.

హక్కును ఇతరులకు బదలాయించడం నోటిమాటతో చెల్లదు. రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ పటం, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ము అన్నవి అందులో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా చట్టం లెక్కగడుతుంది. హక్కు ఇచ్చేసినా, పటం గీసింది తానేనని చెప్పుకునే అధికారం గీసినవారికి ఉంటుంది. కాపీరైటు గీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు నిలుస్తుంది.

కొంత సొమ్ము బయానాగా తీసుకోవడం, మొదట పెన్సిలు గీత చూపి ఒప్పించుకోవడం, ఎన్నిసార్లు మార్చి ఇస్తామో ముందే చెప్పడం ఉభయులకూ మేలు. ఇంకొక జాగ్రత్త. కథ భారతదేశంలోనే జరిగి దేశపటం వేయాల్సి వస్తే సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా పటం ప్రకారమే ఉండాలి. భిన్నంగా అచ్చువేయడం నేరం.

చేతులు ఇక్కడే ఉన్నాయి

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి తెలిసిందే. అడిగినవారి కోరిక విని, శాస్త్రం చెప్పిన కొలత తప్పకుండా, రాతి మీద ముందు గీత గీసి తర్వాత ఉలి పెట్టడం ఇక్కడి శిల్పుల పద్ధతి. పటం గీసే పనీ అదే తీరు. అక్కడ ధ్యానశ్లోకం, ఇక్కడ నవల. ఇక ఫ్లెక్సీలు వచ్చాక గోడల మీద, బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటర్లకు పని పడిపోయింది. పటం మీద అక్షరం చాలా ముఖ్యం. కొండ పేరు కొండ వెంబడి వంగాలి, ఏటి పేరు ఏటితోపాటు పారాలి, ఊరి పేరు దారిని కప్పకూడదు. ఆ ఒడుపు ఏళ్ల తరబడి కుంచె పట్టిన చేతికి ఇట్టే అలవడుతుంది.

ఈ పని ఊరందరికీ కూడు పెడుతుందని చెప్పడం లేదు. తెలుగులో నవలలు వేసేవారి వద్ద పటానికి వేరే సొమ్ము ఉండటం అరుదు. ఇంగ్లీషు రచయితల పని రావాలంటే చేతిలో నాలుగైదు మంచి నమూనాలు ఉండాలి, ఉత్తరప్రత్యుత్తరాలకు ఇంగ్లీషు తెలిసినవారి సాయం కావాలి. అయినా పొలం పనులు లేని నెలల్లో ఇంటి దగ్గరే కూర్చొని చేసుకోదగిన పని ఇది. పెట్టుబడి కాగితం, సిరా, ఓపిక.

నమూనా కోసం ఎక్కడికో పోనక్కరలేదు. బడుల్లో డ్రాయింగు మాస్టర్లు పిల్లల చేత ముందు తమ ఊరి పటం వేయించవచ్చు. వంక ఎటు పారుతుంది, పొలిమేర ఎక్కడ, పాత బాట ఏది అని ఇంట్లో అవ్వాతాతలను అడిగి రమ్మనవచ్చు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక, ఊరి నేలను గట్టు గట్టుగా నోటితో చెప్పగలిగేవారు తగ్గిపోతున్నారు. ఆ పెద్దలు ఉండగానే అడగడం మంచిది. ఆ తర్వాత సూరన కథ చెప్పి, కాసారపురం పటం గీయమనాలి. నంద్యాల ఏలికకు అంకితమైన కథకు నంద్యాల పిల్లలు పటం గీస్తే, దాన్ని ఏ ఊరి నవలాకారుడికైనా నమూనాగా చూపవచ్చు. పటం కింద మూలన గీసినవారి పేరు రాయడం మాత్రం మరువకూడదు.